వీధి చెట్టు విలువను రూపాయల్లో చెప్పాలంటే ఏ లెక్క నిలబడుతుంది?

ప్రశ్న: బ్రాడీపేట, గుంటూరు నుంచి

అందరికీ నమస్కారం. మా వీధిలో సైడు కాలువను వెడల్పు చేయడం కోసం తొమ్మిది చెట్లను తొలగించాలని ప్రతిపాదన వచ్చింది. వాటిలో ఐదు నిద్రగన్నేరులు, మూడు వేపలు, ఒకటి కానుగ. ఎస్టిమేటు కాగితంలో పెద్ద వేప ఎదురుగా 6,000 రూపాయలు, ఒక్కొక్క నిద్రగన్నేరు ఎదురుగా వంటచెరకు కింద 4,000 రూపాయలు వేసి ఉన్నాయి. నలభై ఏళ్లకు పైగా వీధి మొత్తానికి నీడనిచ్చిన చెట్టు విలువ దాన్ని నరికి తూకం వేస్తే వచ్చే కట్టెల ధర మాత్రమేనా అని మేము నలుగురం ఆ ఎస్టిమేటు వేసిన ఆఫీసుకు వెళ్లి అడిగాము. అక్కడి ఉద్యోగి మర్యాదగానే మాట్లాడి, "మీ దృష్టిలో విలువ ఎంతో మీరే కాగితం మీద రాసి ఇవ్వండి, ఫైలులో పెడతాను" అన్నారు.

అందుకోసం వెతికితే రెండు అంకెలు దొరికాయి. మొదటిది కలకత్తా విశ్వవిద్యాలయానికి చెందిన టి.ఎం.దాస్ 1979లో వేసిన లెక్క. 50 టన్నుల బరువున్న చెట్టు 50 ఏళ్లలో చేసే సేవల విలువను ఆయన 15.70 లక్షల రూపాయలుగా చూపారు. రెండవది పశ్చిమ బెంగాల్‌లోని జెస్సోర్ రోడ్డు చెట్ల కేసులో సుప్రీంకోర్టు నియమించిన నిపుణుల కమిటీ 2021లో ఇచ్చిన సూత్రం. చెట్టు వయసును 74,500 రూపాయలతో హెచ్చవేయాలని ఆ కమిటీ చెప్పింది. ఈ లెక్కన మా వీధిలోని ఒక్కొక్క చెట్టు దాదాపు 30 లక్షలు చేస్తుంది. నేను ఈ అంకె చెప్పగానే ఆ ఉద్యోగి, "సంవత్సరానికి 74,500 ఎవరికి వస్తున్నాయి, ఏ ఖాతాలో పడుతున్నాయి?" అని అడిగారు. నా దగ్గర సమాధానం లేకపోయింది. ఎదుటివారు ప్రశ్నించినా నిలబడే లెక్క ఎలా తయారుచేయాలో తెలిసినవారు చెప్పగలరా?

సమాధానం 1: చెట్ల కొలతల పనిలో ముప్పై ఏళ్లు ఉండి విరమణ పొందినవాడిని, గుంటూరు

ఆ ఉద్యోగి అడిగింది సరైన ప్రశ్నే కాబట్టి ముందు దానికే జవాబు చెబుతాను. కమిటీ చెప్పిన 74,500లో 45,000 రూపాయలు కేవలం ప్రాణవాయువు కోసం, మరో 20,000 సేంద్రియ ఎరువు కోసం వేసినవి. ఆసుపత్రి సిలిండర్ ధరతో ప్రాణవాయువుకు విలువ కట్టడంలోనే చిక్కు ఉంది. గాలిలో దాదాపు 21 శాతం ప్రాణవాయువే ఉన్నందున, మీ వీధి చెట్లు పోయినంత మాత్రాన ఎవరికీ ఊపిరి తక్కువ కాదు, ఉన్నంత మాత్రాన ఎక్కువా కాదు. అమెరికా అటవీ సేవా విభాగానికి చెందిన డేవిడ్ నోవాక్, ఆయన సహచరులు 2007లో ఈ విషయాన్నే పరిశీలించి, పట్టణ చెట్ల ప్రయోజనాల్లో ప్రాణవాయువు ఏమంత లెక్కలోకి వచ్చేది కాదని తేల్చారు. దాస్ గారి 15.70 లక్షల్లోనూ రెండున్నర లక్షలు దీనికే పోయాయి. చెట్టుకు కట్టెల ధరకు మించిన విలువ ఉందని మన దేశంలో అంత ముందుగా అంకెల్లో చూపినందుకు ఆయన పట్ల నాకు గౌరవం ఉంది. అయినా ఆ మొత్తాన్ని యథాతథంగా మీ ఫైలులో పెడితే మొదటి ప్రశ్నకే కూలిపోతుంది, దానితో పాటు మీరు చెప్పిన మిగతా మంచి మాటలు కూడా కొట్టుకుపోతాయి.

మీరు మొదట చేయవలసింది తిరిగి నాటుబడి ఖర్చు లెక్క, అంటే అలాంటి చెట్టును మళ్లీ సంపాదించుకోవడానికి ఎంత అవుతుందన్న లెక్క. అమెరికాలో చెట్ల మదింపుదారులు వాడే కాండం సూత్రం, బ్రిటన్‌లో వాడే కావట్ పద్ధతి, రెండూ ఈ ఆలోచన మీదే నిలిచాయి. నర్సరీలో దొరికే అతి పెద్ద మొక్క ధర తీసుకుని, దాని కాండం అడ్డకోత వైశాల్యంలో మీ చెట్టు కాండం ఎన్ని రెట్లు ఉందో అన్ని రెట్లు పెంచి, ఆ తరువాత చెట్టు ఆరోగ్యం, జాతి, నిలిచిన చోటు చూసి తగ్గించాలి. దీనికి టేపు, కాగితం, నర్సరీ బిల్లు చాలు. ఆఫీసులో ఎవరైనా బయటికి వచ్చి మళ్లీ కొలిచి సరిచూసుకోవచ్చు. ఈ పద్ధతికి ఉన్న బలమంతా అదే.

ఒక వేపతో చేసి చూపిస్తాను. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో, అంటే నాలుగున్నర అడుగుల దగ్గర, మాను చుట్టూ టేపు పట్టండి. 220 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. దాన్ని 3.14తో భాగిస్తే అడ్డుకొలత 70 సెంటీమీటర్లు. కడియం నర్సరీల నుంచి మా కాలనీకి తెప్పించిన వేప మొక్కల్లో పెద్దవి 5 సెంటీమీటర్ల మందం ఉన్నాయి, ఒక్కొక్కటి 2,000 రూపాయలు పడింది. అడ్డుకొలత 14 రెట్లు కనుక వైశాల్యం 196 రెట్లు. అంటే 3,92,000 రూపాయలు. ఇక తగ్గింపులు. ఏ లోపమూ లేకపోతే అంకె 1. మొదలు చుట్టూ సిమెంటు పోసి, ఒకవైపు కొమ్మలు కొట్టేసి ఉంటే ఆరోగ్యానికి 0.7 వేయండి. జాతికి 0.8, చోటుకు 0.8. అన్నీ హెచ్చవేస్తే 0.448 వస్తుంది, విలువ సుమారు 1,75,000 రూపాయల దగ్గర ఆగుతుంది. గుంత తవ్వకం, ఎర్రమట్టి, కంచె, మూడు వేసవులు నీళ్లు పోసే కూలి దీనిలో కలపలేదు, అవి వేరుగా చూపండి. 6,000కు, 1,75,000కు ఉన్న తేడా మీరు ఏ పెద్ద మాటా చెప్పకుండానే కనిపిస్తుంది.

తగ్గింపు అంకెలు మీ చేతిలో ఉన్నాయని ఉదారంగా వేయకండి. ప్రతి చెట్టు దగ్గర నిలబడి, మొదట్లో సుత్తి పిడితో తట్టి డొల్ల శబ్దం వస్తుందేమో వినండి. కొమ్మ విరిగిన చోట నీరు దిగుతున్నదో లేదో చూడండి. నిద్రగన్నేరు వేగంగా పెరిగే చెట్టు, దాని కొమ్మ వేప కొమ్మంత గట్టిది కాదు. జాతికి దానికి 0.8 ఇవ్వడానికి నాకు మనసొప్పదు, 0.6 న్యాయం. సిమెంటు విషయంలో మరొక మాట. చెట్టు చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తొలగించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఢిల్లీ విషయంలో ఆదేశించింది. మీ వీధిలో ఆ పని చేస్తే ఆరోగ్యపు అంకె రెండు మూడేళ్లలో పెరుగుతుంది. చెట్టు విలువ పెంచడానికి ఇంతకన్నా చవకైన దారి నాకు తెలియదు.

సమాధానం 2: అర్థశాస్త్ర అధ్యాపకురాలిని, విజయవాడ

పైన మాస్టారు చెప్పిన పద్ధతి చెట్టును మళ్లీ సంపాదించుకోవడానికి ఎంత అవుతుందో చెబుతుంది. చెట్టు ఏటా ఏమి చేస్తున్నదో చెప్పదు. దానికి వేరే లెక్క ఉంది, కానీ ఈ రెండింటినీ కలిపి కూడకూడదు. ఇంటి కొనుగోలు ధరను, అదే ఇంటి నుంచి వచ్చే అద్దెను ఒకదానితో ఒకటి కూడితే ఎంత తప్పో ఇదీ అంతే తప్పు.

ఏటా వచ్చే ప్రయోజనాల లెక్కకు న్యూయార్క్ మంచి ఉదాహరణ. అక్కడ 2005లో మొదలైన వీధి చెట్ల గణనలో 5,92,130 చెట్లు తేలాయి. 2007లో అమెరికా అటవీ సేవా విభాగం వాటి వార్షిక ప్రయోజనాన్ని సుమారు 12.2 కోట్ల డాలర్లుగా, ఖర్చు పెట్టిన ప్రతి డాలరుకు 5.60 డాలర్లు తిరిగి వస్తున్నట్లుగా అంచనా వేసింది. మన దగ్గర అందరూ ఈ 5.60నే ఉటంకిస్తారు. నాకు దానికన్నా లోపలి పద్దులే ముఖ్యమైనవి. ఇళ్ల ధరల పెరుగుదల మీద 5.25 కోట్లు, వాన నీటి మీద 3.56 కోట్లు, విద్యుత్తు, సహజవాయువు ఆదా మీద 2.78 కోట్లు చూపారు. కార్బన్ మీద చూపింది 10 లక్షల డాలర్లకు కూడా చేరలేదు, అంటే మొత్తంలో ఒక శాతం లోపే.

వీటిలో అతి పెద్ద పద్దు మన ఊళ్లకు దిగుమతి కాదు. అమెరికాలోని పోర్ట్‌ల్యాండ్‌లో వీధి చెట్ల వల్ల ఇంటి అమ్మకపు ధర సగటున 8,870 డాలర్లు పెరిగిందని 2010లో ఒక అధ్యయనం చూపింది. అక్కడ అమ్మకపు ధర కాగితం మీద ఉన్నది ఉన్నట్లు ఉంటుంది. మన దగ్గర రిజిస్ట్రేషన్ విలువ ఒకటి, చేతులు మారే సొమ్ము మరొకటి. పైగా సింహద్వారానికి ఎదురుగా చెట్టు ఉంటే వేధ అని వాస్తు చూసేవారు ధర తగ్గించి అడుగుతారు. అందువల్ల గుంటూరు, విజయవాడల్లో ఇళ్ల ధరల నుంచి చెట్టు విలువను రాబట్టాలని చూస్తే తప్పుడు జవాబే వస్తుంది. ఆ పద్దును పూర్తిగా వదిలేయండి.

కార్బన్ లెక్క సులభమే కాబట్టి వేసి చూపిస్తాను. మాస్టారి 70 సెంటీమీటర్ల వేప 14 మీటర్ల ఎత్తు ఉంటే, ఉష్ణమండల చెట్లకు వాడే సాధారణ సమీకరణం ప్రకారం నేలపైన ఎండు బరువు దాదాపు 2,460 కిలోలు. ఊరిలో కొమ్మలు కొట్టించుకుంటూ పెరిగిన చెట్టు కనుక దానిలో 80 శాతమే తీసుకుని, వేళ్లకు పావువంతు కలిపితే మళ్లీ 2,460 కిలోలకు దగ్గరగానే వస్తుంది. దానిలో సగం కార్బన్, దాన్ని 3.67తో హెచ్చవేస్తే సుమారు నాలుగున్నర టన్నుల బొగ్గుపులుసు వాయువు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2023లో టన్నుకు 190 డాలర్ల నష్టం అని చెప్పింది. డాలరును 85 రూపాయలుగా తీసుకుంటే ఇది 73,000 రూపాయలకు మించదు. అదీ చెట్టు జీవితకాలంలో ఒక్కసారే లెక్కకు వచ్చే సొమ్ము.

వాన నీటి విషయంలో మా ఊరి అనుభవం తరువాత నేను చాలా జాగ్రత్తగా మాట్లాడతాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచినప్పుడు, చెట్లు ఉంటే ఇలా జరిగేది కాదని చాలామంది రాశారు. చెట్టు ఆకుల మీద ఒక్కో వానకు ఒకటి రెండు మిల్లీమీటర్ల నీరే నిలుస్తుంది. పన్నెండు మీటర్ల వెడల్పున గుండ్రంగా పరుచుకున్న చెట్టు కింద నేల సుమారు 113 చదరపు మీటర్లు, అంటే ఒక వానలో అది ఆపేది 100 నుంచి 200 లీటర్లు. చిన్న చిన్న జల్లులకు వీధి కాలువ మీద భారం తగ్గించడానికి ఇది పనికొస్తుంది. వరదను ఆపడానికి పనికిరాదు. మీ కాగితంలో వరద మాట రాయకండి. మీ ప్రతిపాదన కాలువ గురించే కనుక ఎదుటివారు మొదట పట్టుకునేది అదే.

ఇక మిగిలింది నీడ. మే నెలలో 45 డిగ్రీలకు చేరే ఊరిలో వీధి చెట్టు చేసే అసలు పని అదే. దానికి విలువ కట్టాలంటే ఆ నీడ లేకపోతే ఎవరు ఏమి ఖర్చు పెట్టవలసి వచ్చేదో చెట్టు కింద నిలబడి లెక్కించాలి. మీరు ఒక రోజు కూర్చుని లెక్కపెట్టండి. ఆ తరువాత మాట్లాడుకుందాం.

సమాధానం 3: రోడ్డు పనుల కాంట్రాక్టులు చేసేవాడిని, తెనాలి వైపు

నేను చెట్లకు వ్యతిరేకిని కాను, కానీ ఖర్చుల వైపు కూడా ఒకరు చెప్పాలి. నిద్రగన్నేరు వేళ్లు కాలువ గోడను ఎత్తేస్తాయి. కరెంటు తీగల కింద ఏటా కొమ్మలు కొట్టించాలి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా వైపు పడిన కొమ్మలను తీయించడానికి నేనే రెండు రోజులు మనుషులను పెట్టాను. ఇవన్నీ మీ లెక్కలో తీసివేతలుగా ఉంటేనే ఇంజినీరు ఆ కాగితాన్ని రెండోసారి చదువుతాడు.

మీకు ఉపయోగపడే మాట మరొకటి చెబుతాను. చెట్టు విలువను వంటచెరకు ధరతో కాక, చెట్టును తప్పించి పని చేయడానికి అయ్యే అదనపు ఖర్చుతో పోల్చండి. కాలువను చెట్టు దగ్గర ఒక మీటరు లోపలికి వంచి తీసుకువెళ్లవచ్చు. లేదా ఆ కొద్ది దూరం వెడల్పు పెంచకుండా లోతు పెంచి, పైన పలకలు వేయవచ్చు. ఒక్కో చెట్టు దగ్గర దీనికి ఎంత ఎక్కువవుతుందో ఆ ఎస్టిమేటులోని రేట్లతోనే లెక్క వేయించండి. అది చెట్టు విలువకన్నా తక్కువగా ఉన్న చోట చెట్టు నిలవాలి. ఎక్కువగా ఉన్న చోట ఒకటో రెండో వదులుకోవడానికి మీరు సిద్ధపడాలి. నరకడానికి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి తీసుకున్నారో లేదో కూడా రాతపూర్వకంగా అడగండి.

ప్రశ్న అడిగినవారు, పన్నెండు రోజుల తరువాత

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. తొమ్మిది చెట్లనూ కొలిచాము. ఒక నిద్రగన్నేరు మొదట్లో తడితే డొల్లగా వినిపించింది, దాని ఆరోగ్యానికి 0.3 మాత్రమే వేశాము. దాన్ని కాపాడమని అడగడం లేదు.

అధ్యాపకురాలు గారు చెప్పినట్లు అన్నిటికన్నా పెద్ద నిద్రగన్నేరు కింద ఉదయం 11 నుంచి సాయంత్రం 4 వరకు కూర్చున్నాను. కొబ్బరి బోండాల బండి ఒకటి, చెప్పులు కుట్టే పెద్దాయన, వరుసగా నాలుగు ఆటోలు, కోచింగ్ నుంచి వచ్చి బస్సు కోసం నిలబడే పిల్లలు. రెండు గంటలప్పుడు చేతి థర్మామీటరుతో చూస్తే ఎండలోని తారు 58 డిగ్రీలు, నీడలోని తారు 39 డిగ్రీలు చూపింది. చెప్పులు కుట్టే పెద్దాయన నీడ జరిగిన కొద్దీ తన గోనెపట్టాను, దిమ్మను జరుపుకుంటూ మధ్యాహ్నం లోపల మూడుసార్లు చోటు మార్చారు. ఆయనకు ఆ చెట్టే గడియారం. బోండాల బండి అతను, నిరుడు కొమ్మలు కొట్టించిన తరువాత రెండు వారాలు 12 నుంచి 3 వరకు బండి మూసేశానని, రోజుకు 300 రూపాయల దాకా పోయిందని చెప్పాడు. ఎండాకాలం 75 రోజులకు ఇది 22,500 అవుతుంది కదా?

మరొకటి. ఆ చెట్టుకు పడమటి నీడ పడే ఫ్లాటు, అదే ప్లాను ఉండి నీడ లేని పక్క ఫ్లాటు, రెండింటి బిల్లులూ చూశాము. రెండింటిలోనూ నలుగురేసి మనుషులు, ఒక్కొక్క ఏసీ. ఏప్రిల్, మే, జూన్ నెలల్లో నెలకు 110 యూనిట్ల తేడా ఉంది. వారి శ్లాబు ధర 8.75 రూపాయల చొప్పున మూడు నెలలకు దాదాపు 2,900 రూపాయలు.

సమాధానం 4: అర్థశాస్త్ర అధ్యాపకురాలు, విజయవాడ

మీరు రాసింది చదివి చాలా సంతోషం కలిగింది. రెండు సవరణలు చేసుకోండి.

బోండాల బండి 22,500ను మొత్తంగా వేయకండి. అతను అమ్మని బోండాం మరొక సెంటరులో మరొకరు అమ్మి ఉంటారు, ఊరికి పోయింది ఆ సొమ్ము కాదు. అతను ఖాళీగా కూర్చున్న మూడు గంటల కూలి, లేదా పందిరి పట్టా కొనుక్కోవడానికి అయిన ఖర్చు, ఈ రెండింటిలో తక్కువైనది వేయండి. చెప్పులు కుట్టే పెద్దాయనకూ అదే లెక్క. అయితే అతనికి నష్టం జరగలేదని దీని అర్థం కాదు. ఆ మూడు వందలు అతని ఇంట్లో నిజంగానే లోటు. అందుచేత విలువ పట్టికలో చిన్న అంకె వేసి, దాని పక్కనే ఈ నష్టం ఎవరి మీద పడుతుందో ఒక పేరా రాయండి. విలువ ఎంత అన్నదీ, భారం ఎవరిది అన్నదీ వేరువేరు ప్రశ్నలు, ఫైలులో రెండూ ఉండాలి.

విద్యుత్తు ఆదా 2,900 ఏటా 30 ఏళ్లు వస్తుందనుకుంటే, 5 శాతం తగ్గింపు రేటుతో (అంటే రాబోయే ఏళ్ల సొమ్మును నేటి సొమ్ముగా మార్చే రేటుతో) నేటి విలువ సుమారు 44,500 రూపాయలు, 10 శాతంతో 27,300 రూపాయలు. రెండు అంకెలూ చూపండి, ఒకటే చూపితే మీకు అనుకూలమైనది ఎంచుకున్నారన్న అనుమానం వస్తుంది. ఒకే జత ఫ్లాట్ల మీద తేలిన అంకె అని కూడా స్పష్టంగా రాయండి, వీలైతే మరో రెండు జతలు చూడండి. చెట్టుకు బదులు పది మొక్కలు నాటుతామని వారు అంటే ఇవే రేట్లు వారి లెక్కకూ వాడమనండి. పదిహేనేళ్ల తరువాత మొదలయ్యే నీడకు 5 శాతం రేటుతో నేటి విలువ సగంకన్నా తక్కువే, 10 శాతంతో పావువంతుకన్నా తక్కువే, అదీ పది మొక్కలూ బతికితే.

సమాధానం 5: ప్రశ్న అడిగినవారు

ఈ సవరణలతో కాగితం మళ్లీ రాశాము. డొల్ల చెట్టును వదిలి మిగిలిన ఎనిమిదింటికి నాటుబడి విలువ, నిర్వహణ ఖర్చుల తీసివేత, కాలువ వంచడానికయ్యే అదనపు ఖర్చు పక్కపక్క వరుసల్లో పెట్టాము. ఐదు చోట్ల కాలువ వంచడమే చవక అని తేలింది. రెండు వేపల దగ్గర దాదాపు సమానం. కానుగ దగ్గర మాత్రం పక్క గోడ అడ్డు వచ్చి ఖర్చు ఎక్కువైంది. సోమవారం ఇచ్చి వస్తాము. వెళ్లే ముందు కానుగ కొలత మాత్రం ఇంకొకసారి తీసుకోవాలని ఉంది, ఎందుకంటే దాని మాను నాలుగు అడుగుల దగ్గరే రెండుగా చీలింది, టేపు ఎక్కడ పట్టాలో మాకు తెలియలేదు.

సమాధానం 6: చెట్ల కొలతల పనిలో విరమణ పొందినవాడిని, గుంటూరు

కొలత ఎత్తుకు కిందనే చీలితే రెండు కాండాలుగా లెక్కించండి. చీలిక పైన ఒక్కొక్కదానికి విడిగా టేపు పట్టి, రెండు వైశాల్యాలూ కూడండి. చుట్టుకొలతలను కూడి ఒకే కాండంగా లెక్కిస్తే విలువ దాదాపు రెట్టింపు పెరిగిపోతుంది, ఆ పొరపాటు చేయకండి. ఆదివారం ఉదయం నాకు తీరిక ఉంది, టేపు తీసుకుని వస్తాను.